వాపా, బలుపా: కాలేజ్ ఫుట్‌బాల్ హెడ్ కోచ్‌ను ఎంచేముందు చూడాల్సిన లెక్కలు

అమెరికన్ ఫుట్‌బాల్ 2025 కాలేజ్ సీజన్ ఇంకా నడుస్తుండగానే పెద్ద కుర్చీలు వరసగా ఖాళీ అయ్యాయి. సెప్టెంబర్ 14న యూసీఎల్‌ఏ, వర్జీనియా టెక్ ఒకే రోజు తమ హెడ్ కోచ్‌లను తప్పించాయి. అక్టోబర్ 12న పెన్ స్టేట్ జేమ్స్ ఫ్రాంక్లిన్‌ను, 19న ఫ్లోరిడా బిల్లీ నేపియర్‌ను, 26న ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్) బ్రయాన్ కెల్లీని సాగనంపాయి. ఆర్కన్సా, ఓక్లహోమా స్టేట్, ఆబర్న్‌లదీ అదే దారి.

కుర్చీ ఖాళీ అయిన గంటలోపే పేర్ల జాబితాలు పుట్టుకొస్తాయి. పెన్ స్టేట్‌లోనో టెక్సస్ ఏ అండ్ ఎమ్‌లోనో ఎంఎస్ చేసి, శనివారం ఆటకు అలవాటుపడిపోయిన మనవాళ్లు కూడా ఈ చర్చల్లో తక్కువేమీ కాదు. ఎక్కడ విన్నా వాదన ఒకటే: ఫలానా ఆయన పోయినేడు 11 గెలిచాడు, ఆయన్ని తెచ్చేస్తే సరి. ఆ 11 అనే అంకె మొదట చూడాల్సింది కాదు, చివర చూడాల్సింది. వాపును చూసి బలుపనుకున్న స్కూళ్లు (అక్కడ యూనివర్సిటీలనూ అలాగే అంటారు) కట్టిన మూల్యం కోట్ల డాలర్లలో ఉంది.

ఆట కొత్తవాళ్లకు రెండు ముక్కలు. కాలేజ్ ఫుట్‌బాల్‌లో హెడ్ కోచ్ అంటే మైదానం పక్కన నిలబడి వ్యూహం చెప్పే మనిషి మాత్రమే కాదు. హైస్కూలు పిల్లల్ని వెతికి తేవడం, వేరే కాలేజీల నుంచి ఆటగాళ్లను రప్పించడం, వాళ్లకు డబ్బు పంచడం, పదిమందికి పైగా సహాయ కోచ్‌లను నడపడం, దాతలతో మాట్లాడటం అన్నీ ఆయన నెత్తినే. రెగ్యులర్ సీజన్‌లో ఆడేది 12 మ్యాచ్‌లే. అంత చిన్న లెక్కతో మనిషిని తూచడం కష్టం, అందుకే తప్పులు ఎక్కువ.

ముందు మన కుర్చీ సంగతి

అభ్యర్థిని చూసేముందు ఒక ప్రశ్నకు జవాబు రాసుకోవాలి: ఈ స్కూలుకు ఓ సగటు కోచ్ వస్తే ఏడాదికి ఎన్ని గెలుస్తాడు? ఎల్‌ఎస్‌యూనే తీసుకోండి. 2003లో నిక్ సేబన్, 2007లో లెస్ మైల్స్, 2019లో ఎడ్ ఓర్జెరాన్ జాతీయ టైటిల్ గెలిచారు. ముగ్గురి పద్ధతులకూ పొంతనే లేదు. లూసియానాలో పుట్టే ఆటగాళ్లు, వాళ్ల కోసం అదే రాష్ట్రంలో పోటీపడే మరో పెద్ద స్కూలు లేకపోవడం, వీటివల్లే ఆ కుర్చీకి సగం బలం. అలాంటిచోట కావాల్సింది ఉన్న సరుకును పాడుచేయని మనిషి. ఇండియానా యూనివర్సిటీ దీనికి పూర్తిగా అవతలి కొస. 2023 చివరినాటికి ఆ స్కూలు పెద్ద ప్రోగ్రామ్‌లన్నింటిలోకీ ఎక్కువ ఓటములు మూటగట్టుకుంది. అక్కడ కావాల్సింది లేని సరుకును పోగుచేసే మనిషి. ఈ రెండు ఉద్యోగాలకూ ఒకే జాబితా పట్టుకు తిరిగితే రెండుచోట్లా దెబ్బతింటాం.

బలాన్ని కొలవడానికి చేతిలో ఉండే సాధనం బ్లూ చిప్ రేషియో. గత నాలుగేళ్లలో సంతకం చేసిన హైస్కూలు పిల్లల్లో నాలుగు, ఐదు స్టార్ల వాళ్లు (రిక్రూటింగ్ సైట్లు ఇచ్చే పై రేటింగ్‌లు) సగానికి మించి ఉంటే టైటిల్ స్థాయి సరుకు ఉన్నట్టు. మన స్కూలుది 60 శాతం, అభ్యర్థి ఇప్పుడున్న చోట 5 శాతం అయితే, ఆయన గెలుపులు మన దగ్గర ఎలా మారతాయో లెక్కవేయాలి. తక్కువ సరుకుతో గెలిచినవాడికి ఎక్కువ ఇస్తే ఇంకా గెలుస్తాడన్న హామీ లేదు. ఐదు స్టార్ల పిల్లాణ్ని బెంచ్ మీద కూర్చోబెట్టి, వాడు వెళ్లిపోకుండా చూసుకోవడం వేరే విద్య.

ఇప్పుడు దీనికి డబ్బు లెక్క తోడైంది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ సెటిల్మెంట్ ప్రకారం 2025-26లో ఒక్కో స్కూలు తన ఆటగాళ్లందరికీ కలిపి నేరుగా 20.5 మిలియన్ డాలర్ల దాకా పంచవచ్చు. ఫుట్‌బాల్ జట్టు పరిమితి 105 మంది. పెద్ద స్కూళ్లలో ఆ సొమ్ములో సింహభాగం ఫుట్‌బాల్‌కే పోతుంది. కాబట్టి ఇంటర్వ్యూలో అడగాల్సిన మొదటి ప్రశ్న వ్యూహం గురించి కాదు: క్వార్టర్‌బ్యాక్‌కు (బంతి విసిరి ఆఫెన్స్‌ను నడిపేవాడు) ఎంత వాటా, రెండు లైన్లకూ (ముందు వరసలో ఢీకొనేవాళ్లు) ఎంత, రెండో వరస ఆటగాళ్లకు ఎంత, ఎందుకు? కాగితం మీద అంకెలు వేసి చూపించలేని మనిషి ఇంకా పాతకాలంలోనే ఉన్నట్టు.

ఒక్క పంట్ కథ

2021 సెప్టెంబర్ 25, ఈస్ట్ లాన్సింగ్. మిషిగన్ స్టేట్ మీద నెబ్రాస్కా 20-13తో ముందుంది, నాలుగో క్వార్టర్‌లో నాలుగు నిమిషాలు కూడా లేవు. రెండో సగం మొత్తంలో మిషిగన్ స్టేట్ ఒక్క ఫస్ట్ డౌన్ (నాలుగు ప్రయత్నాల్లో 10 యార్డులు) కూడా తెచ్చుకోలేదు. నెబ్రాస్కా చేయాల్సిందల్లా బంతిని దూరంగా తన్ని, డిఫెన్స్‌కు పని అప్పజెప్పడమే. ఆ తన్నుడు, అంటే పంట్, కుడివైపుకని అనుకున్నారు, కవరేజ్ వాళ్లంతా కుడివైపుకే పరుగెత్తారు. బంతి మాత్రం ఎడమవైపు వెళ్లింది. అక్కడ మిషిగన్ స్టేట్ ఆటగాడు జేడెన్ రీడ్ ఒక్కడే ఉన్నాడు. 62 యార్డులు, ఎవరూ ముట్టుకోలేదు, టచ్‌డౌన్. ఓవర్‌టైమ్‌లో మిషిగన్ స్టేట్ 23-20తో గెలిచింది.

ఆ సీజన్ చివర్లో మిషిగన్ స్టేట్ లెక్క 11-2 (గెలుపులు-ఓటములు). నెబ్రాస్కా లెక్క 3-9. కానీ నెబ్రాస్కా ఓడిన తొమ్మిది మ్యాచ్‌లూ 9 పాయింట్లలోపు తేడావే. ఏడాది మొత్తం మీద చూస్తే ఆ జట్టు ఇచ్చుకున్న పాయింట్ల కంటే చేసినవి 63 ఎక్కువ. మూడే గెలిచిన జట్టుకు అలాంటి అంకె రావడం అరుదు.

మిషిగన్ స్టేట్ ఏం చేసింది? నవంబర్ 20న ఒహాయో స్టేట్ చేతిలో 56-7తో చిత్తయిన నాలుగు రోజులకు, కోచ్ మెల్ టక్కర్‌కు పదేళ్లకు 95 మిలియన్ డాలర్ల పూర్తి గ్యారంటీ కాంట్రాక్ట్ ఇచ్చింది. వేరే స్కూళ్లు ఎత్తుకుపోతాయన్న భయం. అప్పటికే కళ్లముందు కనిపిస్తున్న సంగతులు రెండు ఉన్నాయి. ఒకటి, ఆ ఏడు వాళ్ల పాస్ డిఫెన్స్ ఇచ్చుకున్న యార్డుల లెక్కలో దేశంలోనే అట్టడుగున ఉంది. రెండు, ఆఫెన్స్ బరువంతా కెనెత్ వాకర్ అనే ఒక్క రన్నింగ్ బ్యాక్ మోశాడు. వేక్ ఫారెస్ట్ నుంచి బదిలీ అయి వచ్చి 1,636 యార్డులు పరుగెత్తాడు, ఆ వెంటనే ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్లిపోయాడు. మరుసటి ఏడు లెక్క 5-7. 2023 సెప్టెంబర్‌లో ప్రవర్తనకు సంబంధించిన కారణాలతో టక్కర్‌ను తొలగించారు. అది వేరే కథ, కానీ ఆటపరంగా కాంట్రాక్ట్ అప్పటికే గుదిబండ అయిపోయింది.

అందుకని ఏ అభ్యర్థి రికార్డు చేతికొచ్చినా ఇలా విడదీయాలి. 8 పాయింట్లలోపు తేడాతో తేలిన మ్యాచ్‌లన్నీ ఒక పక్కన పెట్టాలి. ఎనిమిదే ఎందుకంటే టచ్‌డౌన్‌కు 6, దాని తర్వాత రెండు పాయింట్ల ప్రయత్నానికి 2, అంటే ఒక్క స్కోరుతో సరిచేయగల తేడా. మామూలు కోచ్‌కు వీటిలో గెలుపోటములు దీర్ఘకాలంలో చెరిసగానికి దగ్గరగా వస్తాయి. ఒక ఏడాది 6-1 ఉంటే మరుసటి ఏడు అది నిలవదనే అనుకోవాలి. తర్వాత ఫంబుల్స్. ఎదుటివాడి చేతిలోంచి బంతి జారవిడిపించడం నైపుణ్యం. కింద పడ్డాక అది ఎవరికి దొరుకుతుందన్నది దాదాపు బొమ్మా బొరుసా. ఏడాదంతా మూడొంతుల ఫంబుల్స్ తమకే దొరికిన జట్టు రికార్డులో ఒకటి రెండు గెలుపులు తీసేసి చూడాలి.

మిగిలిన ఆటను సక్సెస్ రేటుతో కొలవడం మేలు. డౌన్ అంటే ఒక ప్రయత్నం. ఫస్ట్ డౌన్‌లో కావాల్సిన దూరంలో 50 శాతం, సెకండ్ డౌన్‌లో 70 శాతం, థర్డ్, ఫోర్త్ డౌన్‌లలో పూర్తిగా 100 శాతం తెచ్చుకుంటే ఆ ప్లే సఫలం. ఫలితం ఎప్పుడో తేలిపోయిన మ్యాచ్‌ల ఆఖరి క్వార్టర్లు ఈ లెక్కలోంచి తీసేయాలి. మొత్తం యార్డులు, మొత్తం పాయింట్లు వేగంగా ఆడే జట్టుకు ఉత్తినే పెరుగుతాయి. వాటిని చూసి ఆఫెన్స్ మేధావి అని ముద్ర వేయకూడదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. నెబ్రాస్కా 2021ని మాత్రమే చూస్తే దురదృష్టం అనే తేలుతుంది. లెక్కలు ప్రేమించేవాళ్లు అప్పట్లో అలాగే అన్నారు కూడా. కానీ అదే కోచ్ స్కాట్ ఫ్రాస్ట్ హయాం మొత్తం కలిపితే ఒక్క స్కోరు తేడా మ్యాచ్‌లలో 5-22. అన్నేళ్లపాటు బొమ్మా బొరుసా ఒకవైపే పడదు. ఒక ఏడాది అయితే అదృష్టం, నాలుగేళ్లయితే అలవాటు. కారణం వెతికితే ఎదురుగానే ఉంది: స్పెషల్ టీమ్స్, అంటే బంతిని తన్నే సందర్భాల్లో ఆడే విభాగం. 2021లో ఆ విభాగానికంటూ పూర్తికాలం కోచ్ లేడు. అవుట్‌సైడ్ లైన్‌బ్యాకర్ల కోచే రెండు పనులూ చూసుకున్నాడు. గట్టి పోటీ మ్యాచ్‌లు పంట్లు, ఫీల్డ్ గోల్స్, కిక్ రిటర్న్‌ల దగ్గరే తేలతాయి. 2022 ఆగస్టు 27న డబ్లిన్‌లో నార్త్‌వెస్టర్న్ మీద 28-17తో ముందుండి, మూడో క్వార్టర్‌లో ఎవరూ అడగకుండానే ఫ్రాస్ట్ ఆన్‌సైడ్ కిక్ (బంతి మళ్లీ తమకే దొరకాలని తన్నే చిన్న కిక్) ఆడించాడు. బంతి నార్త్‌వెస్టర్న్‌కు దొరికింది, మ్యాచ్ 31-28తో పోయింది. రెండు వారాల తర్వాత సొంత మైదానంలో జార్జియా సదర్న్ చేతిలో 45-42 ఓటమి, మరునాడే ఉద్వాసన. మొత్తం 16-31.

కాబట్టి ఇంటర్వ్యూలో ఇలాంటి ప్రశ్న వేయాలి: 4 పాయింట్లు ముందున్నావు, 6 నిమిషాలున్నాయి, ఎదుటివాళ్ల 42 యార్డ్ గీత దగ్గర ఫోర్త్ డౌన్, కావాల్సింది 3 యార్డులు. ఏం చేస్తావు? జవాబు ఏదైనా ఫర్వాలేదు. హెడ్‌సెట్‌లో ఆ నిమిషాన ఎవరు మాట్లాడతారు, ఏ అంకె చెబుతారు, ఆ నిర్ణయం థర్డ్ డౌన్‌కు ముందే అయిపోయిందా అన్నవి వినాలి. ముందే తేల్చుకున్నవాడు థర్డ్ డౌన్‌లోనే వేరే ప్లే (ఎత్తు) ఎంచుకుంటాడు.

ఇద్దరు గెలిచినవాళ్లు, రెండు ఫలితాలు

ఫ్రాస్ట్‌ను తెచ్చినప్పుడు తప్పుపట్టినవాళ్లు దాదాపు లేరు. 2017లో సెంట్రల్ ఫ్లోరిడాతో 13-0. 1997లో నెబ్రాస్కా టైటిల్ గెలిచినప్పుడు ఆ జట్టుకు క్వార్టర్‌బ్యాక్ ఆయనే, ఆ రాష్ట్రం బిడ్డే. 0-12 జట్టును రెండేళ్లలో 13-0 చేశాడన్న మాట అందరి నోటా ఆడింది.

ఆ వాక్యం అబద్ధం కాదు, కానీ అసంపూర్ణం. సెంట్రల్ ఫ్లోరిడా రికార్డును వరసగా పేర్చండి: 2013లో 12-1, ఫియెస్టా బౌల్ విజయం. 2014లో 9-4. 2015లో 0-12. తర్వాత ఫ్రాస్ట్ వచ్చాక 6-7, 13-0. ఆయన వెళ్లాక 2018లో జాష్ హైపెల్ కింద మళ్లీ 12-1. అంటే 0-12 ఆ స్కూలు స్వభావం కాదు, ఒక్క ఏడాది పడిన గొయ్యి. ఆర్లాండో చుట్టుపక్కల ఆటగాళ్లకు కొదవ లేదు. నేల సారవంతమైనదే. ఫ్రాస్ట్ మంచి పంట తీశాడు, కాదనలేం. కానీ ఆయనకు ముందువాడూ తీశాడు, తర్వాతవాడూ తీశాడు. అభ్యర్థికి ముందు మూడేళ్లు, తర్వాత ఒకటి రెండేళ్లు కలిపి చూడకపోతే ఆ తేడా తెలియదు. అప్పటికి ఆయన హెడ్ కోచ్‌గా చేసింది ఆ రెండేళ్లే.

కర్ట్ సిగ్నెట్టిని ఇండియానా 2023 నవంబర్ 30న తీసుకుంది. అప్పటికి ఆయన వయసు 62. ఎగబడి ఆయన్ని అడిగిన పెద్ద స్కూళ్లు లేవు. హెడ్ కోచ్‌గా మొత్తం 119-35, మూడు స్కూళ్లలో 13 ఏళ్లు, ఓటములు ఎక్కువైన సీజన్ ఒక్కటీ లేదు. ఈ మూడింటిలో మిగతావాళ్లు జేమ్స్ మాడిసన్‌లోని 52-9 చూస్తారు. అసలు చూడాల్సింది ఈలాన్‌లోని రెండేళ్లు. జేమ్స్ మాడిసన్ ఆయన రాకముందే బలమైన జట్టు, 2016లో ఎఫ్‌సీఎస్ (పెద్ద జట్ల కింది అంచె) టైటిల్ గెలిచింది. ఈలాన్ అలాంటిది కాదు. 2016లో 2-9. ఆయన అడుగుపెట్టిన మొదటి ఏడే 8-4, ప్లేఆఫ్ చోటు. మంచి చోట గెలిచినవాడా, ఎక్కడైనా గెలిచేవాడా అన్న ప్రశ్నకు జవాబు పెద్ద అంకెలో కాక ఈ చిన్న అంకెలో దొరుకుతుంది.

ఇంకో సంగతి, దీన్ని చాలామంది పట్టించుకోలేదు. ఆయన మొదట హెడ్ కోచ్‌గా చేసిన ఇండియానా యూనివర్సిటీ ఆఫ్ పెన్సిల్వేనియా డివిజన్ 2 (ఇంకా కింది అంచె) స్కూలు. అక్కడ ఫుట్‌బాల్‌కు గరిష్ఠంగా 36 స్కాలర్‌షిప్‌లు, వాటినీ ముక్కలు చేసి ఒకడికి సగం, ఒకడికి పావు అని పంచాలి. ఆరేళ్లు అలా పంచినవాడికి ఎవడి విలువ ఎంతో కొలిచే అలవాటు పట్టుబడుతుంది. ఇప్పుడు డబ్బు పంచాల్సిన రోజుల్లో అది నేరుగా పనికొచ్చే విద్య. అంతకుముందు 2007 నుంచి 2010 దాకా అలబామాలో సేబన్ దగ్గర రిక్రూటింగ్ కోఆర్డినేటర్‌గా చేశాడు కాబట్టి పైస్థాయి సరుకు ఎలా ఉంటుందో కూడా తెలుసు.

సొంత సిబ్బందిని వెంటతెచ్చుకోవడం మంచి లక్షణమని అంటుంటారు. సగమే నిజం. ఫ్రాస్ట్ కూడా సెంట్రల్ ఫ్లోరిడా సిబ్బందిని దాదాపు అందరినీ నెబ్రాస్కాకు తెచ్చాడు. తేడా ఎక్కడుందంటే, వాళ్లు కలిసి రెండేళ్లు ఒకే చోట పనిచేశారు. సిగ్నెట్టి తెచ్చిన డిఫెన్స్ కోఆర్డినేటర్ బ్రయంట్ హేన్స్, ఆఫెన్స్ కోఆర్డినేటర్ మైక్ షానహాన్ ఆయన దగ్గర డివిజన్ 2 రోజుల్లోనే పనిచేసినవాళ్లు. స్థాయి మారినప్పుడల్లా ఏది నిలబడుతుంది, ఏది మార్చాలి అన్నది ఆ బృందం అప్పటికే ఒకటికి రెండుసార్లు పరీక్షించుకుంది. వీళ్లతోపాటు జేమ్స్ మాడిసన్ నుంచి 13 మంది ఆటగాళ్లు వచ్చారు. స్టార్లు చూసి కాక, వేరేచోట రెండు మూడేళ్లు స్థిరంగా ఆడినవాళ్లను ఏరారు. 3-9 జట్టు 2024లో 11-2 అయి ప్లేఆఫ్‌కు వెళ్లింది. 2025లో ఒక్క ఓటమీ లేకుండా 16-0తో జాతీయ టైటిల్ గెలిచింది. బ్లూ చిప్ రేషియో దరిదాపుల్లో కూడా లేని స్కూలు అది. ఆ కొలతను ఇకమీద కాస్త జాగ్రత్తగా వాడుకోవాల్సిందే.

కోఆర్డినేటర్లు, తాత్కాలికులు

ఎప్పుడూ హెడ్ కోచ్ కాని కోఆర్డినేటర్‌ను తీసుకోవడం జూదమే, అయినా కొన్ని గొప్పగా ఫలించాయి: జార్జియాకు కర్బీ స్మార్ట్, ఆరెగాన్‌కు డాన్ లానింగ్. ఇక్కడ నిలదీసి అడగాల్సింది ప్లేలు నిజంగా ఎవరు పిలిచారన్నది, అంటే ఏ ఎత్తు వేయాలో ఎవరు చెప్పారన్నది. హెడ్ కోచే పిలిచి ఉంటే కోఆర్డినేటర్ పేరుమీదున్న అంకెలు అద్దెవి. హెడ్ కోచ్ అయ్యాక ప్లేలు తానే పిలుస్తానంటే, మైదానంలో మిగతా ఆటను ఎవరు చూస్తారో పేరుతో సహా చెప్పాలి.

తాత్కాలిక కోచ్ నాలుగైదు గెలిచాడని కుర్చీ రాసివ్వకూడదు. కోచ్ మారగానే జట్టులో వచ్చే ఊపు కొన్ని వారాల్లో దిగిపోతుంది. ఓర్జెరాన్ అలా వచ్చి టైటిల్ గెలిచాడు, నిజమే. అదే ఓర్జెరాన్‌తో ఆ తర్వాత రెండో సీజన్‌కే ఎల్‌ఎస్‌యూ తెగతెంపులు చేసుకుంది.

కేలండర్

మంచి అభ్యర్థిని ఎంచి కూడా స్కూళ్లు దెబ్బతినేది ఇక్కడే. 2025లో హైస్కూలు పిల్లల సంతకాల రోజు డిసెంబర్ 3. ఆటగాళ్లు కాలేజీ మారడానికి పేరిచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ 2026 జనవరి 2 నుంచి 16 దాకా. దీనికితోడు కోచ్ మారిన స్కూలు ఆటగాళ్లకు, కొత్త కోచ్‌ను ప్రకటించిన 5 రోజుల తర్వాత విడిగా 15 రోజుల గడువు తెరుచుకుంటుంది. ప్లేఆఫ్ మొదటి రౌండ్ డిసెంబర్ 19, 20. అంటే గెలుస్తున్న కోచ్ కావాలంటే ఆయన తీరిక లేని రోజుల్లోనే కావాలి.

పెన్ స్టేట్ అక్టోబర్ 12నే కుర్చీ ఖాళీ చేసింది, కావాల్సినంత తీరుబడి ఉన్నట్టే. కానీ సిగ్నెట్టికి నాలుగు రోజుల్లో ఇండియానా కొత్త కాంట్రాక్ట్ ఇచ్చేసింది. నెలాఖరుకు నెబ్రాస్కా మాట్ రూల్‌కు పొడిగింపు ఇచ్చింది. బీవైయూలో కలానీ సిటాకీ కూడా ఉన్నచోటే ఉండిపోయాడు. పెద్ద కుర్చీ ఖాళీ అయితే మొదట లాభపడేది ఏజెంట్లు: మన పేరు చూపించి వాళ్ల క్లయింట్‌కు జీతం పెంచుకుంటారు. చివరికి అయోవా స్టేట్ నుంచి మాట్ క్యాంప్‌బెల్‌ను తెచ్చేసరికి డిసెంబర్ 5. రెండు రోజుల ముందు జరిగిన సంతకాల రోజున పెన్ స్టేట్‌కు దక్కింది ఇద్దరే ఇద్దరు పిల్లలు. క్యాంప్‌బెల్ మంచి ఎంపికే, అది వేరే మాట. కానీ ఆ ఏడాది కొత్త పిల్లల్ని చేర్చుకునే పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది. అందుకని జాబితా ఐదుగురితో ఉండాలి, నాలుగో పేరుతో కూడా నవంబర్ మధ్యకల్లా మాట్లాడి ఉండాలి. మొదటి పేరు కాదనడానికి గడువు తేదీ కూడా ముందే రాసుకోవాలి.

అవతలి ఒడ్డున ఓల్ మిస్ (యూనివర్సిటీ ఆఫ్ మిసిసిపి) ఉంది. లేన్ కిఫిన్ నవంబర్ 30న, జట్టు 11-1తో ఉండగా, ఎల్‌ఎస్‌యూకు వెళ్లాడు. ప్లేఆఫ్ ఆడించి వెళ్తానంటే స్కూలు ఒప్పుకోలేదు. అదే రోజు డిఫెన్స్ కోఆర్డినేటర్ పీట్ గోల్డింగ్‌కు కుర్చీ అప్పగించింది. మొదటి రౌండ్‌లో ఎదురైన టులేన్ కోచ్ జాన్ సమ్రల్ అప్పటికే ఫ్లోరిడా ఉద్యోగం ఒప్పుకున్నవాడు, టులేన్ మాత్రం ప్లేఆఫ్ అయ్యేదాకా ఉండనిచ్చింది. ఓల్ మిస్ ఆ మ్యాచ్ 41-10తో గెలిచి, తర్వాత జార్జియాను 39-34తో ఓడించి సెమీఫైనల్ దాకా పోయింది. ఎవరి పద్ధతి ధర్మం అన్నది చర్చించుకోవచ్చు. కానీ వారసుడి పేరు ముందే సిద్ధంగా ఉన్న స్కూలు ఒక్క పూట కూడా పోగొట్టుకోలేదన్నది చూడాలి.

కాంట్రాక్ట్ కాగితాలు

టెక్సస్ ఏ అండ్ ఎమ్ 2023 నవంబర్‌లో జింబో ఫిషర్‌ను తీసేసినప్పుడు ఇవ్వాల్సి వచ్చింది సుమారు 76 మిలియన్ డాలర్లు. 2021లో, తొందర లేనప్పుడు, 2031 దాకా పొడిగించి సంతకం చేయడమే దానికి మూలం. అందులో ఆఫ్‌సెట్ లేదు, అంటే ఆయనకు రేపు ఇంకోచోట జీతం వచ్చినా ఏ అండ్ ఎమ్ కట్టేది ఒక్క డాలర్ తగ్గదు. పెన్ స్టేట్ కాగితంలో ఆ షరతు ఉంది. ఫ్రాంక్లిన్‌కు సుమారు 49 మిలియన్లు ఇవ్వాల్సినచోట, ఆయన వర్జీనియా టెక్‌లో చేరాక 9 మిలియన్లతో తెగ్గొట్టుకున్నారు. ఒక్క వాక్యం విలువ 40 మిలియన్లు.

తేదీలు కూడా చూడాలి. ఫ్రాస్ట్‌ను 2022 అక్టోబర్ 1 దాకా ఉంచి ఉంటే బైఅవుట్ (గడువుకు ముందే తీసేస్తే కట్టే సొమ్ము) 15 మిలియన్ల నుంచి 7.5కు పడిపోయేది. నెబ్రాస్కా సెప్టెంబర్ 11నే కట్టేసి పంపింది. సగానికి తగ్గే తేదీని సీజన్ మధ్యలో పెట్టడం తెలివితక్కువ, ఆ మూడు వారాలు స్కూల్లో ఎవరికీ వేరే ధ్యాస ఉండదు. సీజన్ ముగిసిన డిసెంబర్‌లో పెట్టాలి. ఇక హెడ్ కోచ్ జీతం మీద బేరమాడి అలసిపోయి, సహాయ కోచ్‌ల జీతాల మొత్తాన్ని రాయకుండా వదిలేయకూడదు. ఇద్దరు కోఆర్డినేటర్లు, స్పెషల్ టీమ్స్ కోచ్, స్ట్రెంగ్త్ కోచ్, జనరల్ మేనేజర్, ఈ ఐదుగురికీ ఎంత కేటాయిస్తారో హెడ్ కోచ్ సంతకానికి ముందే కాగితం మీద ఉండాలి. మంచి అభ్యర్థి తనంతట తానే ఇది అడుగుతాడు. తన జీతం గురించే మాట్లాడి, వీళ్ల గురించి అడగనివాడి విషయంలో జాగ్రత్తపడాలి.

పూర్వాపరాలు

2001 డిసెంబర్‌లో నోటర్ డేమ్ జార్జ్ ఓలీరీని తీసుకుంది. ఐదు రోజుల్లో ఆయన రాజీనామా చేశాడు. లేని మాస్టర్స్ డిగ్రీ, ఆడని కాలేజ్ ఫుట్‌బాల్ బయోడేటాలో ఉన్నాయి. రెండు ఫోన్ కాల్స్‌తో తేలిపోయే సంగతి. ఎవరూ చేసినట్టు లేదు, ముందటి స్కూళ్లు చూసే ఉంటాయిలే అనుకున్నారేమో. ప్రతి స్కూలూ ముందటి స్కూలు చూసిందనే అనుకుంటుంది.

టెన్నెసీది ఇంకా పెద్ద పాఠం. 2017 నవంబర్ 26న గ్రెగ్ షియానోతో ఒప్పందం కుదిరిందన్న వార్త బయటికి పొక్కి, అభిమానులు భగ్గుమనడంతో ఆ రోజే చెదిరిపోయింది. అథ్లెటిక్ డైరెక్టర్ ఉద్యోగం కూడా వారంలోపే పోయింది. ఆ గందరగోళంలో డిసెంబర్ 7న తెచ్చిన జెరెమీ ప్రూయిట్‌ను 2021 జనవరిలో రిక్రూటింగ్ ఉల్లంఘనల మీద తొలగించారు. 2023లో కాలేజ్ ఆటల నియంత్రణ సంస్థ ఎన్‌సీఏఏ తేల్చిన తీవ్ర ఉల్లంఘనలు 18, విడివిడి తప్పులు 200కు పైగా, స్కూలుకు జరిమానా 8 మిలియన్ డాలర్లు. పేరు బయటికి పొక్కాక విచారించుకునే వ్యవధి ఉండదు, కాబట్టి ఈ పని మొదటి ఇంటర్వ్యూకు ముందే అయిపోవాలి.

ఫోన్ చేయాల్సింది అభ్యర్థి ఇచ్చిన సిఫారసు పేర్లకు కాదు. ఆయన గత రెండు స్కూళ్లలోని కంప్లయన్స్ ఆఫీసర్ (నిబంధనల అమలు చూసేవాడు), హెడ్ ట్రైనర్, అకడమిక్ అడ్వైజర్, ఎక్విప్‌మెంట్ మేనేజర్, ఆ జట్టు నుంచి వేరే కాలేజీకి వెళ్లిపోయిన ఇద్దరు ముగ్గురు ఆటగాళ్ల తల్లిదండ్రులు. ట్రైనర్‌ను అడగాల్సిన ప్రశ్న ఒకటే: గాయపడిన కుర్రాణ్ని ఎప్పుడు దింపాలన్న మాట ఆఖరికి ఎవరిది చెల్లేది? జవాబులో తడబాటు వినిపిస్తే, ఆ పేరు పక్కన ఎన్ని గెలుపులున్నా తర్వాతి పేరుకు వెళ్లాలి.